వానకథ అయ్యవారు

కథ చదివి ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే నేను ఆకాశం వైపు చూస్తాను. మంచి అలవాటు కాదు, తెలుసు. మొన్న కడపలో ఒక సభకు పోయి అక్కడా అదే పని చేశాను. వేదిక మీద జరీకండువా పెద్దమనిషి ఒకాయన, ఈ కాలపు కథలు మనిషికి కష్టాన్ని ఓర్చుకునే బలం ఇస్తున్నాయనీ, మనిషిని మనిషికి దగ్గర చేస్తున్నాయనీ చాలాసేపు చెప్పాడు. చెప్పి ఊరుకోక ఒక కథలోంచి నాలుగు వాక్యాలు చదివాడు. చదువుతూ చదువుతూ గొంతు పూడుకుపోయి కండువా కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కిటికీలోంచి పైకి చూశాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. దూదిపింజంత మబ్బు లేదు.

పక్కనున్న మా ఆయన మోచేత్తో పొడిచాడు. "ఏం జూస్తాండావే?"

"వానొస్తాదేమోనని."

ఆయనకు నవ్వు రాలేదు. వానకథ అయ్యవారు పనిచేసిన ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, ఆయనకూ ఆ మనిషి గుర్తొచ్చి ఉంటాడు.

అయ్యవారి పేరు ఊళ్ళో ఎవరూ పలకలేదు, నేనూ రాయను. వచ్చిన కొత్తలో అయివారు, తర్వాత వానకథ అయివారు, అంతే. వేంపల్లెకు దగ్గర్లో మా అత్తగారి ఊరు. ఒకే గది బడి, దానికి ఆయన ఒక్కడే పంతులు. కర్నూలు పక్కన కల్లూరు నుంచి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లాజెల్లా లేరనుకున్నాం.

మనిషి సన్నగా, పొడుగ్గా జొన్నదంటులా ఉండేవాడు. కండ్లద్దాలకు ఒకవైపు కాడ విరిగిపోతే నూలుదారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. చదవబోయే ముందు ఆ దారం సవరించుకోవడం ఒక తంతు. మంచి వాక్యం రాబోతుంటే ముందుగానే చూపుడువేలు పైకెత్తేవాడు, ఇప్పుడొస్తాది కాచుకోండి అన్నట్టు. ఆ వేలు చూసి చూసి మాకు ఆ వాక్యం రాకముందే సగం చప్పబడిపోయేది. చదివాక ఆగి, అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూసినట్టు అందరి మొహాలూ చూసేవాడు. మొహాలు ఉడికేవి కావు.

కథల పిచ్చి అంటే అట్లాంటి ఇట్లాంటి పిచ్చి కాదు. ఒకసారి అంగట్లో బొరుగులు కట్టించుకుంటే పొట్లం కాగితం మీద కథ సగం కనపడింది. అక్కడే నిలబడి అది చదివేసి, "మిగతా సగం ఎవరికి కట్టిస్తివప్పా?" అని అంగడాయన ప్రాణం తోడేశాడు. ఆయన విసుగెత్తి ఎవరి ఇంటి గుర్తో చెప్పాడు. ఈయన ఆ ఇంటికి పోయాడు. వాళ్ళు బెల్లం తీసుకుని కాగితం పొయ్యిలో వేసేశారట. వీధి నడుమ నిలబడి, "అయ్యో, వాడు ఇల్లు జేరినాడో ల్యాదో తెలీకుండా పాయెనే!" అని తల కొట్టుకున్నాడు. ఎవరో దగ్గరివాళ్ళు తప్పిపోయినట్టున్నారని ఇద్దరు ముసలమ్మలు పరామర్శకు కూడా వచ్చారు.

అట్లని దయగల మనిషనుకునేరు. బడిలో ఆయన చేతిలో తుమ్మబరికె ఉండేది. ఎక్కాలు తప్పినవాడి పిక్కల మీద వాతలు తేలేవి. కథలో పిల్లవాడికి దెబ్బ తగిలితే మాత్రం ఈయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "మా పిల్లోనికి తగిలితే రాని నీళ్ళు కాగితంలో పిల్లోనికి తగిలితే వచ్చెనే!" అని తల్లులు మూతులు తిప్పుకునేవాళ్ళు. నేనూ తిప్పుకున్నాను.

ఆయన భార్య మాట తక్కువ మనిషి. ఈయన చదవడం మొదలుపెడితే చాలు, ఆమె లేచి ఇంట్లోకి పోయేది. కథలంటే గిట్టదు కాబోలు అనుకునేదాన్ని.

నేను కడపలో ఎనిమిదో తరగతి దాకా చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అయ్యవారికి నేను దొరికాను. వేంపల్లెకు బస్సులో వచ్చే వారపత్రికను నడిచిపోయి తెచ్చుకుని, తను చదివాక మా గడప దగ్గర పెట్టి పోయేవాడు. మా అత్తకు అది కంట్లో నలుసు. "సదువుకున్న కోడలు, సల్లారిన సంగటి. రెండూ గొంతు దిగవు" అనేది నాకు వినపడేట్టు. అయ్యవారు పత్రిక మీద అరచేత్తో చరిచి, "ఇదంతా మన కథే పెద్దమ్మా! రాజులు గాదు, రాణులు గాదు. మన కరువు, మన కష్టం. పడినోడు ఎట్ల లేస్తాండాడు, ఎవురు చెయ్యిస్తాండారు, అంతా దీంట్లో ఉండాది" అనేవాడు.

"మన కథయితే మాకు తెల్దా? నువ్వేంటికి సదివేది?" అనేది మా అత్త. ఆయన దారం సవరించుకుని, పత్రిక గడప మీద పెట్టి పోయేవాడు.

కర్నూలు రాజధాని అయిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో, వానలు మొహం చాటేశాయి. కప్పకు పూజలు చేశారు. బండ మీద పాయసం పోసి మొగవాళ్ళంతా మోకాళ్ళ మీద వంగి నాలుకలతో నాకారు. అయినా మబ్బు కదల్లేదు. ఇక పురాణం చదివించడమే మిగిలింది. పురాణం చదివే ఆయన పక్కూళ్ళో ఉండేవాడు. కరువులో ఆయనకు గిరాకీ పెరిగి, పెద్ద ఊరు ఏదో బండి కట్టి తీసుకుపోయింది. మా మామ ఊరి పెద్ద. చుట్ట ఆర్పి, "అక్షరం వచ్చినోడు ఊర్లో ఇంకోడు ఉండాడు గదా, పిలవండి ఆ అయివారిని" అన్నాడు.

అయ్యవారు సంగటి తింటూ ఉన్నవాడు చినిగిన బనీనుతో, ఎంగిలి చెయ్యి ఎంగిలిగానే లేచి వచ్చాడు. పురాణమని తెలియగానే అడ్డంగా తల ఊపాడు. "అది నేను సదవను రెడ్డీ. ఈ వారం కథొకటి వచ్చినాది. కరువు కథే. ఇనండి, నచ్చకుంటే లేసిపోండి."

"ఏదో ఒగటి. గట్టిగా సదువు, పైకి ఇనపడల్ల" అన్నాడు మా మామ.

మా ఇంటి ముందర పరిచిన బండల మీద ఊరంతా కూర్చుంది. పొద్దు గూకుతున్నా బండలు కాలుతూనే ఉన్నాయి. నేను గడపకు ఇవతల కూర్చున్నాను. ఆ కథ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఊరందరికీ వచ్చు. ఎందుకు వచ్చో తర్వాత చెబుతాను. కరువూళ్ళో పక్కపక్కనే రెండిళ్ళు, వాటికి తరాల పగ. ఒక ఇంటి బావిలోనే అడుగున కొంచెం నీళ్ళు మిగిలాయి. పగవాళ్ళింట్లో ముసలమ్మ దప్పికతో పడి ఉంటే, ఈ ఇంటి పిల్ల పెద్దలకు తెలియకుండా చెంబుతో నీళ్ళు మోస్తుంది. ఒకనాడు మెట్టు జారి బావిలో పడుతుంది. రెండిళ్ళ మొగవాళ్ళూ ఒకే తాడు పట్టి లాగుతారు. పిల్ల బతకదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు కదా, పగవాళ్ళింటి నుంచి సంగటి వస్తుంది. ఊరు వదిలిపోదామని కట్టుకున్న మూటలు రెండిళ్ళవాళ్ళూ విప్పుకుంటారు.

పిల్ల మెట్లు దిగుతుండగా మా అత్త అడ్డం తగిలింది. "ఆ పిల్ల పేరేమప్పా?"

"పేరు రాయలేదు పెద్దమ్మా. పిల్ల అనే ఉండాది" అని అయ్యవారు మళ్ళీ అందుకున్నాడు. పిల్ల పడింది. ఆయన వేలు ఎత్తడం కూడా మరిచిపోయాడు. గొంతు బొంగురుపోయింది, కండ్లద్దాల కింద నుంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వచ్చాయి. మూటలు విప్పుకునే చోటు ఇంకా రానేలేదు, బండల మీద టప్ మని ఒక చుక్క పడింది. చూస్తూ చూస్తూ ఉండగానే కుండపోత. పత్రికను పంచెలో చుట్టుకుని అయ్యవారు పరుగెత్తాడు. జనం వానలో ఎగిరారు.

విత్తడానికి మంచి పదును. దాచుకున్న విత్తనం అంతా తీసి ఊరు చెనిక్కాయ వేసింది. మా అత్త కూడా తిండికని మూలన దాచిన కాయలు ఒలిపించి విత్తింది. మొలకలు వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ ఆకాశం రాయిలా అయిపోయింది. ఇంకో వాన పడకపోతే ఆ మొలకా పోతుంది, విత్తనమూ పోయినట్టే. మళ్ళీ విత్తడానికి ఎవరింట్లోనూ గింజ లేదు.

"అయివారిని పిలవండి" అన్నారు.

మొదట అయ్యవారు ఎంత మురిసిపోయాడో! చదివాడు. మర్నాడు మళ్ళీ చదవమన్నారు. ఆ మర్నాడూ అంతే. గడప దగ్గరికి వచ్చి నాతో, "చూసినావా అమ్మా, మంచి కథకు ఉండే బలమే అది! జనం మళ్ళ మళ్ళ అడిగి ఇంటాండారు. కలుపు తీసే ఆడోళ్ళు గూడా అది అప్పజెప్తాండారు. నేను చెవులారా ఇంటి" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. నేనేం చెప్పను? కలుపు తీసేవాళ్ళు వాన కోసం మంత్రం చదివినట్టు చదువుతున్నారని చెప్పనా?

తర్వాత వారం కొత్త పత్రిక పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు. "ఈసారి ఇంకా మంచి కథ రెడ్డీ. ఒక నేతాయన..."

"దాంట్లో వాన ఉండాదో ల్యాదో మాకు తెల్దు. పాతదే సదువు" అన్నాడు మా మామ.

అప్పుడు అర్థమైంది ఆయనకు. ఎత్తిన వేలు మెల్లగా దించుకున్నాడు.

వాన పడని కొద్దీ ఊరు ఆ మొదటి పొద్దును మళ్ళీ ఉన్నదున్నట్టు తేవాలని చూసింది. ఆ పొద్దు ఎంగిలి చేత్తో వచ్చినావు, చెయ్యి కడగొద్దు అన్నారు. పాపం, ఎండిన సంగటి చేత్తో పేజీలు తిప్పాడు. అదే చినిగిన బనీను, అదే బండ. పిల్ల మెట్లు దిగే చోట మా అత్త తప్పకుండా "ఆ పిల్ల పేరేమప్పా?" అనాలి, ఆయన "పేరు రాయలేదు పెద్దమ్మా" అనాలి. ఒకరోజు మా అత్త దగ్గుతూ అడగడం మరిచిపోతే మొదటి నుంచి చదివించారు. ఒక్క మాట జారినా జనమే అందించేవాళ్ళు. ఏ పుస్తకాన్నీ ఆ ఊరు అంత శ్రద్ధగా విని ఉండదు.

అన్నీ కుదిరాయి, ఒక్కటి కుదరలేదు. ఆయనకు ఏడుపు రాలేదు. ఎన్నిసార్లని వస్తుంది? పిల్ల బావిలో పడుతున్నా ఆయన గొంతు హాజరు పిలిచినట్టు ఉండేది. ఈ సంగతి కనిపెట్టింది మా అత్తే. "ఆ పొద్దు ఏడ్చినాడు, వాన పడె. ఇప్పుడేడీ? కండ్లు ఎండిపాయె, ఆకాశమూ ఎండిపాయె" అంది. ఊరంతా అవునంది.

ఇక ఆయన్ను ఏడిపించడం ఊరి పని అయింది. ఒకడు ఎర్రగడ్డ కోసి ముక్కు కింద పెట్టాడు. నీళ్ళు కారాయి. "ఎర్రగడ్డ ఏడుపుకు దేవుడు మోసపోతాడంట్రా?" అని మా అత్త కసిరింది. ఇంకొకడు వెనక నుంచి జెల్ల కొట్టాడు. అయ్యవారు పత్రిక బండ మీద పెట్టి లేచి నిలబడ్డాడు. "నేను మనిసినా, మోటబావినా? తోడుకునేకి నేనే దొరికితినా మీకు?" అని ఇంటికి పోయాడు. మర్నాడు పిలిచినా రాలేదు.

ఆ మర్నాడు ఎవరూ పిలవకుండా తనే వచ్చాడు. పొద్దున చేల గట్ల వెంబడి తిరిగాడట. మా చేలో మా అత్త కూర్చుని వడలిన మొలకను పెరికి, వేరు గిల్లి, ఇంకా పచ్చి ఉందా అని చూస్తోందట. ఈయన ఎదురుగా నిలబడ్డాడట. ఆ వేరు తనూ చేతిలోకి తీసుకుని చూసి పోయాడని చూసినవాళ్ళు చెప్పారు.

ఆ సాయంకాలం చెయ్యి కడుక్కోకుండా, చినిగిన బనీనుతో వచ్చి తన బండ మీద కూర్చున్నాడు. ఆయన భార్య కూడా ఎందుకో ఆ పొద్దు లేచిపోలేదు, ఆడవాళ్ళలో వెనక కూర్చుంది. దారం సవరించుకున్నాడు. చదివాడు. పిల్ల చెంబు తీసుకుంది, మెట్లు దిగుతోంది.

"ఆ పిల్ల పేరేమప్పా?" అంది మా అత్త.

"పేరు రాయలేదు పెద్దమ్మా. పిల్ల అనే ఉండాది."

అక్కడితో ఊరుకోవాలి. మా అత్త ఊరుకోలేదు. "నీ బిడ్డకు ఉండె గదా పేరు. అది చెప్పు."

అయ్యవారు తలెత్తాడు. మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయన భార్య వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంటోంది. నీళ్ళకాడ ఎప్పుడో, ఆడదానితో ఆడది చెప్పుకునే మాటల్లో, మా అత్తకు ఆమే ఆ బిడ్డ సంగతి చెప్పుకుని ఉంటుంది.

"చెప్పప్పా" అంది మా అత్త. గొంతు పెంచలేదు. పిల్లవాడికి అన్నం తినిపించేటప్పటి గొంతు. "జరం వచ్చిన బిడ్డను ఇంట్లో పెట్టి, మందు తెస్తానని కల్లూరు నుంచి కర్నూలుకు పోతివంట. పుస్తకాలుండే కాడ కథ సదువుకుంటా నిలబడితివంట. కథ అయిపోయినంక ఇంటికి వస్తివంట. అప్పటికి బిడ్డ ఉండెనా?"

"ఊరుకో అత్తా!" అన్నాను. గడపలో నుంచి అరిచిన కోడలి మాట ఎవరికి కావాలి?

"నీళ్ళు నీళ్ళు అన్నాదంట. నాయన యాడ, నాయన యాడ అన్నాదంట. ఆ పొద్దు నువ్వు ఏడ్వలేదంటనే! పేరు చెప్పప్పా."

అయ్యవారు ఆ పేరు చెప్పాడు. చిన్న పేరు. చెప్పి, నోరు మూసుకోవడం చేతకానివాడిలా అట్లాగే తెరిచి ఉంచాడు. తర్వాత వచ్చింది ఏడుపు. కథల మీద ఏడ్చే ఏడుపు కాదది. ఎద్దు కాలు విరిగి పడినప్పుడు చేసే చప్పుడు. కండ్లద్దాలు జారి దారానికి వేలాడాయి. ఆయన భార్య లేచి, ఎవరినీ తాకకుండా జనం మధ్య నుంచి ఇంటికి పోయింది.

ఎవరైనా పోయి ఆయన భుజం మీద చెయ్యి వేస్తారనుకున్నాను. ఎవరూ ఆయన్ను చూడనే లేదు. మా మామ, అంగడాయన, పిక్కల మీద వాతలు తిన్న పిల్లల తల్లులు, అందరూ మెడలు వెనక్కి వంచి ఆకాశం వైపు చూస్తున్నారు. ఒక మనిషి గుండె పగిలి ఏడుస్తుంటే ఊరు ఊరంతా మబ్బు కోసం వెతుకుతోంది. మా అత్త మీద ఆ పొద్దు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఆమె పోయింది, కోపం ఉంది.

సభలో ఆ జరీకండువాయన కథలు మనిషిని మనిషికి దగ్గర చేస్తాయన్నాడే, దానికి నేను వాదం పెట్టుకోలేదు. ఎందుకంటే ఆ తర్వాత జరిగింది కూడా చూశాను.

అయ్యవారి ఏడుపు మెల్లగా సన్నబడింది. బనీను అంచుతో మొహం తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. పత్రిక చించి మా మొహాన కొడతాడనుకున్నాను, కొట్టాలనీ కోరుకున్నాను. ఆయన కూడా తల వెనక్కి వంచాడు. అద్దాలు లేని కళ్ళు చికిలించి పైకి చూశాడు. సరిగా ఆనలేదేమో, మా అత్త వైపు తిరిగాడు.

"వస్తాందా పెద్దమ్మా?"

మా అత్త ఆకాశం నాలుగు మూలలూ నిదానంగా చూసింది.

"రాలేదప్పా" అంది. "ఇంగ రోంత సేపు ఏడువు."

అయ్యవారు తలూపాడు. ముక్కు చీది, అద్దాలు పెట్టుకుని, దారం చెవికి చుట్టుకుని, పిల్ల చెంబు తీసుకుని బావి మెట్లు దిగే చోటికి పేజీ వెనక్కి తిప్పాడు.